పాప డే కేర్ ఫీజుకు, చదువుకునే తల్లికి ఎక్కడైనా సాయం దొరుకుతుందా?

విభాగం: తిరుపతి, చిత్తూరు – చదువులు, ఉపకార వేతనాలు

పాలపిట్ట · సోమవారం, రాత్రి 11.52

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. పాప లేచేలోగా ముగించాలి, తప్పులుంటే మన్నించండి.

తిరుపతిలోని ఒక విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రంలో పీహెచ్‌డీ మూడో సంవత్సరం చేస్తున్నాను. నెట్ అర్హత పరీక్షలో గట్టెక్కలేదు కాబట్టి ఫెలోషిప్ (పరిశోధనకు నెలనెలా ఇచ్చే డబ్బు) లేదు. పాపకు పదహారు నెలలు. మావారు శ్రీసిటీలో ఒక కంపెనీలో షిఫ్టుల్లో పని చేస్తారు, వారంలో సగం రాత్రులు ఇంటికి రారు. మా అమ్మ లేదు. అత్తగారు పాకాల దగ్గర పల్లెలో ఉంటారు. నాలుగు పాడి ఆవులు, పక్షవాతంతో మంచం పట్టిన మామగారు, అన్నీ ఆమె మీదే. వచ్చి మాతో ఉండమని ఆమెను అడగడానికి నాకు నోరు రాదు.

డే కేర్‌కు నెలకు 6,000 కడుతున్నాం. ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఐదున్నర దాకా చూసుకుంటారు. ఆ పైన ప్రతి అరగంటకు వంద రూపాయలు. మావారి జీతం 23,000లో ఇంటి అద్దెకే 7,500 పోతుంది. పోయిన నెల ఆలస్యం రుసుము ఒక్కటే 900 కట్టాను.

గురువారం జరిగింది చెబుతాను. గైడ్ దగ్గర ప్రోగ్రెస్ రిపోర్టు చూపించాలి. నా వంతు ఐదూ పదికి వచ్చింది. బయట వాన, ఆటోలు లేవు. డే కేర్ చేరేసరికి ఆరూ నలభై. పాప గడప మీద ఆయా ఒళ్లో కూర్చుని ఉంది. ఒక కాలికే బూటు ఉంది, రెండోది చేతిలో పట్టుకుని ఉంది. మిగిలిన పిల్లలెవరూ లేరు. ఆయా నన్ను ఒక్క మాట కూడా అనలేదు. గోడ గడియారం చూసి, పుస్తకం తీసి, మా పాప పేరు ఎదురుగా 300 అని రాసింది. తిట్టి ఉంటే బాగుండేది.

నా ప్రశ్న ఒక్కటే. పిల్లలున్న విద్యార్థులకు, బిడ్డను చూసుకునే ఖర్చు కోసం ప్రభుత్వంగానీ విశ్వవిద్యాలయంగానీ మరెవరైనాగానీ ఇచ్చే సాయం ఏదైనా ఉందా? చదువు మానేయమనే సలహా మాత్రం వద్దు. అది ఇంట్లో ఉచితంగా దొరుకుతోంది.

కొర్లగుంట వాసి · సోమవారం, రాత్రి 11.59

అమ్మా, అంగన్వాడీలో చేర్పించవచ్చు కదా? ఉచితం. పైగా తల్లికి వందనం డబ్బు కూడా వస్తుందేమో చూడండి.

పాలపిట్ట · మంగళవారం, రాత్రి 12.04

అన్నా, తల్లికి వందనం ఒకటో తరగతి నుంచి ఇంటర్ వరకు చదివే పిల్లలకు. మా పాప ఇంకా నోట్లో వేలు తీయలేదు. మా వీధి అంగన్వాడీలో అడిగాను. మూడేళ్లు దాటిన పిల్లలనే రోజూ కూర్చోబెట్టుకుంటారట. అంతకన్నా చిన్నవాళ్లకు పోషకాహారం ఇంటికి ఇచ్చి పంపుతారు. ఆ పొట్లాలు తెచ్చుకుంటున్నాం, అవీ ఆసరాయే. కానీ పగలంతా బిడ్డను ఎవరు చూస్తారన్నదే నా బాధ.

మామిడితోట · మంగళవారం, ఉదయం 6.10

అక్కా, నాదీ అదే కథ. నేను చిత్తూరు నుంచి రోజూ తిరుపతికి వచ్చి ఎం.ఎస్సీ. రెండో సంవత్సరం చదువుతున్నాను. బాబుకు మూడేళ్లు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం అయింది కదా, అలా మిగిలిన డబ్బు మొత్తం ఎదురింటి పెద్దమ్మకు ఇస్తున్నాను, బాబును చూసుకుంటున్నందుకు. ప్రభుత్వం నా బిడ్డ ఖర్చుకు ఇచ్చిన సాయం ఏదైనా ఉందంటే అదే, వాళ్లకు తెలియకుండా ఇచ్చినది.

మా అమ్మానాన్నలు ఉన్నారు కానీ జూన్ వచ్చిందంటే తోతాపురి మామిడికాయ దించే పని. గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు నాన్న ట్రాక్టరు మీదే రెండు రాత్రులు పడుకుంటాడు, అమ్మ తోటలో కూలీలకు అన్నం వండుతుంది. సరిగ్గా అప్పుడే మా సెమిస్టరు పరీక్షలు. అమ్మమ్మ ఇల్లు ఉంది కదా అని అందరూ అంటారు. అమ్మమ్మకూ పని ఉంటుందని ఎవరికీ గుర్తుండదు.

ఇంకొక మాట. బడి పిల్లల తల్లులకు డబ్బు ఇచ్చిన అమ్మ ఒడి పథకాన్ని 2020 జనవరి 9న మా చిత్తూరులోనే ప్రారంభించారు. నేనూ జనంలో నిలబడి చూశాను. బడికి వెళ్లే బిడ్డ తల్లికి పథకం ఉంది. తల్లే బడికి వెళుతుంటే లేదు.

తాటాకు · మంగళవారం, ఉదయం 7.25

కోపం తెచ్చుకోకండి. మా అమ్మ ఐదుగురిని పెంచింది. డే కేర్ అన్న మాటే మేం వినలేదు. పదహారు నెలల పసిపిల్లను డబ్బులిచ్చి పరాయివాళ్ల చేతుల్లో పెట్టి, ఆ డబ్బు ప్రభుత్వం ఇవ్వాలనడం నాకు మింగుడు పడడం లేదు. రెండేళ్లు ఆగి చదువుకోవచ్చు. చదువు ఎక్కడికీ పోదు.

చాక్‌పీసు · మంగళవారం, ఉదయం 8.40

తాటాకు గారూ, మీ అమ్మగారు ఐదుగురిని పెంచినప్పుడు ఆ ఇంట్లో ఎంతమంది పెద్దవాళ్లు ఉండేవారో కాస్త లెక్క చెప్పగలరా?

పాలపిట్టా, నేను ఇరవై ఆరేళ్లు డిగ్రీ, పీజీ పిల్లలకు పాఠాలు చెప్పి విరమించాను. నాకు తెలిసిన నిబంధనలు చెబుతాను.

విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ. దాని 2016 పీహెచ్‌డీ నిబంధనల్లోనూ, వాటి స్థానంలో వచ్చిన 2022 నిబంధనల్లోనూ మహిళా స్కాలర్లకు, అంటే పీహెచ్‌డీ చేసేవారికి, మొత్తం పరిశోధన కాలంలో 240 రోజుల వరకు ప్రసూతి సెలవు లేదా శిశు సంరక్షణ సెలవు ఇవ్వవచ్చని ఉంది. గడువు విషయంలోనూ మహిళలకు రెండేళ్ల అదనపు సడలింపు ఉంది, అన్నీ కలిపి పదేళ్లు మించకూడదు. నువ్వు ప్రసవం అప్పుడు ఎన్ని రోజులు వాడుకున్నావు? మిగిలి ఉంటే అడుగు.

ఇక డబ్బు. నెట్ ద్వారా వచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ ఉంటే 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000. నెట్ లేనివారికి కేంద్ర విశ్వవిద్యాలయాల్లో నెలకు 8,000 ఇస్తారు, రాష్ట్ర విశ్వవిద్యాలయాల వారికి అది వర్తించదు. నీకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు లేకపోతే, అంటే మీ అమ్మానాన్నలకు నువ్వొక్కదానివే అయితే, సావిత్రీబాయి జ్యోతిరావు ఫులే పేరిట యూజీసీ ఇచ్చే ఏకైక ఆడపిల్ల ఫెలోషిప్ చూడు. దానికి నెట్ అక్కర్లేదు.

అయితే వీటిలో ఏదీ బిడ్డ ఖర్చు అని విడిగా ఇవ్వదు. సెలవు ఇచ్చారు, గడువు ఇచ్చారు, సాయం ఇవ్వలేదు. ఆ 240 రోజులు అయిపోయాక బిడ్డ ఎక్కడ ఉండాలన్న విషయం నిబంధనలు రాసినవారికి తట్టలేదు.

పాలపిట్ట · మంగళవారం, మధ్యాహ్నం 1.15

మేడం, నాకు తమ్ముడు ఉన్నాడు. ఈ ఒక్కసారికి వాడి మీద కోపం వస్తోంది.

ప్రసవానికి 180 రోజులు తీసుకున్నాను. ఇంకా అరవై ఉన్నాయి. కానీ సెలవు పెడితే ల్యాబులో నా మొక్కలకు నీళ్లు పోసేవారు ఉండరు. ఒక విడత ప్రయోగం మొత్తం పోతుంది. ఆ అరవై రోజులు థీసిస్ రాసేటప్పటికి దాచుకున్నాను.

అర్ధరాత్రి దీపం · మంగళవారం, మధ్యాహ్నం 2.30

నేను మగవాడిని, స్కాలర్‌ని, పదకొండు నెలల కవలలకు తండ్రిని. నా భార్య ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీలు. అంటే పగలు ఆమె నిద్రపోవాలి, నేను ల్యాబుకు వెళ్లాలి. ఆ ఎనిమిది గంటలు ఇద్దరు పిల్లలు ఎవరివి?

చాక్‌పీసు గారు చెప్పిన 240 రోజులు మహిళలకే. నాకు ఒక్క రోజూ లేదు. నేను గొడవ పెట్టుకోవడం లేదు, ఉన్న సంగతి చెబుతున్నాను. నాకు ఫెలోషిప్ ఉంది. అందులో కంటింజెన్సీ అని ఏడాదికి కొంత వస్తుంది. పుస్తకాలు, రసాయనాలు, ఫొటోకాపీలు, క్షేత్ర పర్యటనలు ఏవైనా పెట్టుకోవచ్చు. పోయినసారి బిల్లులు సర్దుతుంటే పాల డబ్బా రసీదు ఒకటి అందులో కలిసి వెళ్లింది. గుమాస్తా దాన్ని వేలితో పక్కకు జరిపి, "ఇది ఏ ప్రయోగానికి బాబూ?" అన్నాడు.

ఇంకొకటి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు, యాభై మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చనీ పెట్టారు. నా భార్య పని చేసే చోట ఉద్యోగులు రెండు వందలకు పైనే. ఆ కేంద్రం ఎక్కడ అని అడిగితే ఆయాల విశ్రాంతి గది చూపించారట.

కొర్లగుంట వాసి · మంగళవారం, మధ్యాహ్నం 2.48

అలాగైతే విశ్వవిద్యాలయంలోనూ యాభై మంది ఉద్యోగులు ఉంటారు కదా. అక్కడా కేంద్రం ఉండాలి కదా?

చాక్‌పీసు · మంగళవారం, సాయంత్రం 4.05

ఉండాలి. కానీ అందులో బిడ్డను ఉంచే హక్కు ఉద్యోగికే, స్కాలర్‌కు కాదు. చట్టం లెక్కలో మీరు ఉద్యోగులు కారు. ఉదయం పదికి రమ్మంటారు, హాజరు పట్టీలో సంతకం పెట్టమంటారు, డిగ్రీ పిల్లలకు ప్రాక్టికల్స్ చేయించమంటారు, పరీక్షల్లో పర్యవేక్షణకు వేస్తారు. పసిబిడ్డ మాట వచ్చేసరికి మాత్రం మీరు విద్యార్థులు.

పక్క గదిలో కూర్చునే ప్రొఫెసరమ్మకు శిశు సంరక్షణ సెలవు జీతంతో ఉంటుంది. కేంద్ర ఉద్యోగినులకు సర్వీసు మొత్తంలో 730 రోజులు, మన రాష్ట్రంలో 180 రోజులు. నేనూ వాడుకున్నదాన్నే కాబట్టి వారిని తప్పు పట్టను.

మామిడితోట · మంగళవారం, సాయంత్రం 5.30

స్కాలర్లకు 240 రోజులైనా ఉన్నాయి. మాలాంటి పీజీ వాళ్లకు హాజరు 75 శాతం లేకపోతే పరీక్షే లేదు. బాబుకు జ్వరం వచ్చి వారం రాకపోతే అది నా గైర్హాజరు.

చాక్‌పీసు · మంగళవారం, సాయంత్రం 6.20

దానికీ దారి ఉంది. డిగ్రీ, పీజీ విద్యార్థినులకు ప్రసూతి సెలవు, హాజరు సడలింపు కోసం నిబంధనలు రాసుకోమని యూజీసీ 2021 డిసెంబరులో విశ్వవిద్యాలయాలకు లేఖ రాసింది. కేరళలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2022 డిసెంబరులో 60 రోజుల ప్రసూతి సెలవు ఇచ్చింది. ఎం.ఎడ్. విద్యార్థిని ఒకరు 59 రోజుల హాజరు కోసం ఢిల్లీ హైకోర్టుకు వెళితే, 2023 మేలో తీర్పు ఆమె వైపే వచ్చింది. చదువా, మాతృత్వమా తేల్చుకోమని ఆడవాళ్లను బలవంతపెట్టకూడదని కోర్టు భావం. మీ విభాగంలో అడిగేటప్పుడు ఈ రెండూ రాసుకుని వెళ్లు. నోటితో అడిగితే నోటితోనే కాదంటారు.

లెస్టర్‌లో చిత్తూరమ్మాయి · మంగళవారం, రాత్రి 9.15

మాది చిత్తూరే, గాంధీ రోడ్డు. ఇప్పుడు ఇంగ్లండ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. మా బాబుకు నాలుగేళ్లు. ఇక్కడ పాలపిట్ట అడిగినలాంటి సాయం పేరుతో సహా ఉంది. దాన్ని చైల్డ్‌కేర్ గ్రాంట్ అంటారు. పూర్తికాలం డిగ్రీ చదివే తల్లి లేదా తండ్రికి, కుటుంబ ఆదాయం తక్కువైతే, బిడ్డ సంరక్షణకు అయ్యే ఖర్చులో 85 శాతం వరకు ఇస్తారు. 2024-25లో ఒక బిడ్డకు వారానికి గరిష్ఠం 193.62 పౌండ్లు. తిరిగి కట్టనక్కర్లేదు. బిడ్డ వయసు పదిహేనేళ్ల లోపు ఉండాలి, చూసుకునేవారు ప్రభుత్వం దగ్గర నమోదై ఉండాలి. ఎదురింటి పెద్దమ్మకు ఇస్తే కుదరదు.

ఇక్కడే స్వర్గం అనుకోకండి. అది ఇక్కడ స్థిరపడినవారికి, అదీ డిగ్రీ వారికి. పీజీ రుణం తీసుకున్నవారికి రాదు, నాలాంటి విదేశీ స్కాలర్లకు అసలే రాదు. మాకు దొరికింది మరొకటి. ఇంగ్లండ్‌లో మూడు, నాలుగేళ్ల పిల్లలందరికీ వారానికి 15 గంటల చొప్పున ఏడాదికి 38 వారాలు నర్సరీ ఉచితం. అమ్మానాన్నల వీసా ఏదని అడగరు. ఆ 15 గంటల్లోనే నా థీసిస్ మూడు అధ్యాయాలు రాశాను. బాబుకు మూడేళ్లు నిండేదాకా మాత్రం అప్పులే.

మా ల్యాబులో ఒక జర్మనీ అమ్మాయి ఉంది. వాళ్ల దేశంలో విద్యార్థులకు బాఫోగ్ అని ఒక సహాయం ఉందట. అది తీసుకునే విద్యార్థికి పద్నాలుగేళ్ల లోపు బిడ్డ ఉంటే, ఒక్కో బిడ్డకు నెలకు 160 యూరోలు అదనంగా కలుపుతారు. రసీదులు కూడా అడగరట. ఇది విన్న రోజు నేను కాసేపు మాట్లాడలేదు.

తాటాకు · మంగళవారం, రాత్రి 10.02

చాక్‌పీసు గారు అడిగిన లెక్క. మా ఇంట్లో నాన్నమ్మ, పెళ్లికాని ఇద్దరు మేనత్తలు, చిన్నాన్న భార్య, పాలేరు భార్య. ఐదుగురు. మా అమ్మతో కలిపి ఆరుగురు. నా చిన్న చెల్లెలు అమ్మ దగ్గర కన్నా రెండో అత్త దగ్గరే ఎక్కువ పెరిగింది, ఇప్పటికీ ఆమెనే అమ్మ అంటుంది. సరే. ఒప్పుకున్నానని కాదు, లెక్క అడిగారు కాబట్టి చెప్పాను.

ఉగ్గుగిన్నె · బుధవారం, ఉదయం 5.45

నేను అంగన్వాడీలను నడిపే ఐసీడీఎస్‌లో సూపర్‌వైజరుగా చేసి పోయిన ఏడాదే విరమించాను. అంగన్వాడీ మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. పాలపిట్టకు వాళ్లు చెప్పింది మామూలు అంగన్వాడీ గురించి. అది నిజమే. కానీ పాల్నా అని ఒకటి ఉంది. కేంద్రం 2022లో మిషన్ శక్తి అనే మహిళా పథకం కింద పెట్టింది. అంగన్వాడీలోనే శిశు సంరక్షణ కేంద్రం కలిపి నడుపుతారు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లల దాకా తీసుకుంటారు. పడుకోవడానికి ఏర్పాటు, ఆహారం, ఎదుగుదల చూడడం, ఆరోగ్య పరీక్షలు, అన్నీ అందులో ఉన్నాయి. ఖర్చు కేంద్రం అరవై, రాష్ట్రం నలభై.

ఇక్కడ మీరు గమనించాల్సిన మాట ఒకటి ఉంది. దీనికి ముందున్న జాతీయ పథకం పనికి వెళ్లే తల్లుల పిల్లల కోసం. ఆ రోజుల్లో విద్యార్థిని వచ్చి అడిగితే "నీ పని ఏమిటమ్మా" అని ఫారంలో రాయలేక ఆగిపోయేవాళ్లం. పాల్నాలో తల్లి ఉద్యోగం చేస్తున్నదా లేదా అన్న పట్టింపు లేదు, తల్లులందరికీ అన్నారు. అంటే మీరు అడగవచ్చు. పాత పథకంలో రుసుము ఎంతో తెలుసా? పేద కుటుంబానికి నెలకు 20 రూపాయలు, ఆదాయం 12,000 లోపైతే 100, ఆ పైన 200. ఆరు వేలు కడుతున్న అమ్మాయికి ఇది చదివితే నవ్వు వస్తుంది.

ప్రతి అంగన్వాడీలోనూ ఈ కేంద్రం ఉండదు. మంజూరైన చోటే ఉంటుంది. మీ దగ్గర ఉందో లేదో సీడీపీఓ (అంగన్వాడీల మీద ఉండే శిశు అభివృద్ధి పథకం అధికారి) కార్యాలయంలో అడగండి. లేకపోతే ఫలానా చోట ఇంతమంది పిల్లలు ఉన్నారని వయసులతో సహా పేర్ల పట్టిక రాసి, సీడీపీఓకు ఒకటి, జిల్లా మహిళా, శిశు సంక్షేమ శాఖ ప్రాజెక్టు డైరెక్టరుకు ఒకటి ఇవ్వండి. ఒక్కరు వెళితే బాధ, పదిహేను మంది వెళితే అవసరం. ఆఫీసుల్లో అవసరానికే ఫైలు తెరుస్తారు.

పాలపిట్ట · బుధవారం, మధ్యాహ్నం 1.40

అమ్మా, మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. రెండేళ్లుగా ఎవరూ ఈ మాట చెప్పలేదు. మా క్యాంపస్‌లో పిల్లలున్న స్కాలర్లు, పీజీ అమ్మాయిలు ఎంతమందో ఈ రోజు మెస్‌లో అడగడం మొదలుపెట్టాను. ఇప్పటికి పదకొండు మంది. ఒక అమ్మాయి బిడ్డ ఉన్న సంగతి గైడ్‌కు ఇంతవరకు చెప్పనే లేదట. బిడ్డను పుత్తూరులో అక్క దగ్గర ఉంచి, ఆదివారం ఆదివారం వెళుతుంది. తన పేరు పట్టికలో రాయవద్దంది, బిడ్డ వయసు మాత్రం రాసుకోమంది.

కొర్లగుంట వాసి · బుధవారం, మధ్యాహ్నం 2.10

నేను బ్యాంకులో పని చేస్తాను. అంగన్వాడీ సంగతి తప్పుగా చెప్పినందుకు పరిహారంగా ఒక లెక్క. ఫైలు కదిలేసరికి మీ పాప ఒకటో తరగతికి వస్తుంది. అందాకా ముగ్గురు కలవండి. ఒక గది అద్దె 3,500. ఒక ఆయాకు 9,000. గ్యాసు, పాలు కాచుకోవడం, సబ్బులు కలిపి 1,000. మొత్తం 13,500. మనిషికి 4,500. నెలకు 1,500 మిగులు, ఆలస్యం రుసుము లేదు. విద్యారుణంలో దీన్ని పెట్టలేమా అని ఎవరో అడుగుతారు. కుదరదు. ఫీజు, పుస్తకాలు, హాస్టల్, కంప్యూటర్ దాకా చూస్తారు, ఆయా జీతం అనే గడి మా ఫారంలో లేదు.

ఉగ్గుగిన్నె · బుధవారం, మధ్యాహ్నం 3.00

లెక్క బాగుంది బాబూ, ఒక గడి మీరూ మరిచారు. ఆయాకు జ్వరం వస్తే? ముగ్గురు తల్లుల్లో ఒకరు ఆ రోజుకు సిద్ధంగా ఉండాలి, వంతు ముందే రాసి గోడకు అంటించాలి. రెండేళ్ల లోపు పిల్లలు ముగ్గురికి ఒక ఆయా సరిపోతుంది, నాలుగో బిడ్డను మొహమాటానికి చేర్చుకోవద్దు. గదిలో ప్లగ్గులు నడుముకన్నా ఎత్తులో ఉన్నాయో లేదో, మరుగుదొడ్డి తలుపు బయట నుంచి గడియ పడుతుందో లేదో చూసుకోండి. బకెట్లో నీళ్లు ఉంచకూడదు. పసిబిడ్డ మునగడానికి ఇంత బకెట్ చాలు. నేను చూసినవి ఇక్కడ రాయను.

అర్ధరాత్రి దీపం · బుధవారం, రాత్రి 8.25

పాలపిట్ట గారూ, నాకు ఇద్దరు, మీకు ఒకరు. ముగ్గురు పిల్లలు అయిపోయారు. ఖర్చు మూడు భాగాలు, రెండు నావి. వారంలో రెండు మధ్యాహ్నాలు నేను ఉంటాను, నా రాత అంతా రాత్రే కాబట్టి. మగవాడి దగ్గర పాపను ఉంచడానికి ఇబ్బంది అనిపిస్తే మొహమాటం లేకుండా చెప్పండి, ఆయా ఎప్పుడూ గదిలోనే ఉంటుంది. గది భవానీ నగర్, బాలాజీ కాలనీ వైపు దొరికితే ఇద్దరికీ నడిచే దూరం. ఈ రోజే నాలుగు ఇళ్లు చూశాను. పిల్లలు అనగానే అద్దెకు లేదంటున్నారు. ఒకాయన కుక్కలైనా పర్వాలేదన్నాడు.

తాటాకు · బుధవారం, రాత్రి 9.50

భవానీ నగర్‌లో నా ఇంటి కింది పోర్షన్ మార్చి నుంచి ఖాళీగా ఉంది. ముందే చెబుతున్నాను, ఇవ్వను. కారణం మీరనుకునేది కాదు. వాకిట్లోనే నీళ్ల సంపు. దాని ఇనుప మూత తుప్పు పట్టి ఒక మూల ఊడింది. పెద్దవాళ్లం దాటుకుని పోతాం. పాకే పిల్లలు ఉన్నచోట అది వద్దు.

మామిడితోట · బుధవారం, రాత్రి 9.58

మూత మార్చవచ్చు కదా బాబాయ్?

తాటాకు · బుధవారం, రాత్రి 10.06

వెల్డింగు అతను 2,200 అడిగాడు. నాలుగు నెలలుగా బేరం నడుస్తోంది.

పాలపిట్ట · బుధవారం, రాత్రి 11.30

బాబాయ్ గారూ, ఆ 2,200 మేం ఇస్తాం. మొదటి నెల అద్దెతో పాటే. దీపం అన్నా, నాకు ఇబ్బంది ఏమీ లేదు. మీ మధ్యాహ్నాలు మంగళ, శుక్రవారాలైతే నాకు ల్యాబు రోజులు.

పట్టిక పద్నాలుగుకు చేరింది. పిల్లలు పదిహేడు మంది, రెండేళ్ల లోపువారు ఎనిమిది మంది. చాక్‌పీసు మేడం వినతిపత్రం రాసి పంపారు. క్యాంపస్‌లో ఒక గది ఇవ్వాలని, విద్యార్థి సంక్షేమ నిధి నుంచి ఆదాయం తక్కువ ఉన్నవారి డే కేర్ ఖర్చులో కొంత భాగం ఇవ్వాలని, ఆ కేంద్రం ఉద్యోగుల పిల్లలకూ స్కాలర్ల పిల్లలకూ ఒక్కటే కావాలని మూడు విషయాలు. నేను నాలుగోది కలిపాను: సమీక్షా సమావేశాలు సాయంత్రం నాలుగున్నరకల్లా ముగించాలి. దానికి పైసా ఖర్చు లేదు. సీడీపీఓ కార్యాలయానికి సోమవారం ఐదుగురం వెళుతున్నాం. ఉగ్గుగిన్నె అమ్మ ఫోనులో తోడుంటానన్నారు.

తాటాకు · గురువారం, ఉదయం 7.12

మూత ఇంటి యజమాని బాధ్యత. మీ డబ్బు అక్కర్లేదు. అద్దె 3,500 కాదు, 4,000. అందులో మార్పు లేదు. మంచినీళ్ల బిల్లు విడిగా.

వెల్డింగు అతను శనివారం వస్తానన్నాడు. మూత బిగించాక నేనే ఎక్కి నిలబడి చూసి చెబుతాను. అప్పటిదాకా ఎవరూ పిల్లలను తీసుకుని చూడడానికి రావద్దు.